పోయిన నాన్న పిలుస్తున్నారంటున్న అమ్మ: ఎజ్జోడి దగ్గరకా, ఆసుపత్రికా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలంలోని ఒక సవర గ్రామం. నాలుగు నెలల క్రితం నాన్న చనిపోయారు. అప్పటి నుంచి మా అమ్మకు (52 ఏళ్లు) రాత్రిళ్లు నిద్ర లేదు, తిండి బాగా తగ్గిపోయింది, గుండెల మీద బరువు పెట్టినట్టుందని అంటోంది. తెల్లవారుజామున నాన్న పిలుస్తున్నారని లేచి వాకిట్లోకి వెళ్తోంది. ఆయన ఆత్మ ఇంకా కుదురుకోలేదని, ఆయనతో మాట్లాడించి కార్యం చేయాలని మా ఊరి ఎజ్జోడు (గ్రామ పూజారి) చెబుతున్నాడు. విశాఖలో పనిచేస్తూ చర్చికి వెళ్లే మా తమ్ముడు ఇదంతా మూఢనమ్మకమని, వెంటనే ఆసుపత్రిలో చూపించాలని పట్టుబడుతున్నాడు. నాతో పనిచేసే ఒకాయన ఫోనులో మైండ్‌ఫుల్‌నెస్ (ఉన్న క్షణం మీద ధ్యాస నిలిపే ధ్యానం) యాప్ పెట్టి అమ్మకు వినిపించమన్నారు. వీటిలో ఏది చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఈ మూడింటిలో ఒకదాన్ని పట్టుకుని మిగతా రెండింటినీ వదిలేయవలసిన అవసరం లేదు. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం తేల్చుకోవాలి. ఆసుపత్రి ముందు, కార్యం తర్వాత, ఎందుకో వివరిస్తాను.

పోయిన భర్త గొంతు వినిపించడం ఒక్కటే మతి తప్పడానికి గుర్తు కాదు. వేల్స్‌లో ఒక వైద్యుడు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు సగం మంది పోయినవారు తమ దగ్గరే ఉన్నట్టు అనిపిస్తోందనో, కనిపించారనో, వారి మాట వినిపించిందనో చెప్పారు. వారిలో అత్యధికులు ఆ సంగతిని అంతకుముందు ఏ డాక్టరుకూ చెప్పుకోలేదు. కొండ ఊళ్లలో చదువులేని వాళ్లకే ఇలా జరుగుతుందని మీ తమ్ముడు అనుకుంటుంటే ఈ విషయం ఆయనకు చెప్పండి. మీ సంప్రదాయంలో ఇది దాచుకోవలసిన విషయం కూడా కాదన్నది నాకంటే మీకే బాగా తెలుసు. పూనకంలో ఉన్న కుడన్ (ఆత్మల మాట పలికే సవర పూజారి) నోట పోయిన మనిషి మాట్లాడతాడని, బతికున్నవారు ఆయన ముందు ఏడవవచ్చని, ఆయనతో వాదించవచ్చని, చివరి రోజుల్లో తమ వల్ల ఏ లోటు జరిగిందో అడిగి తెలుసుకోవచ్చని, ఆ మాటలు ఒక్క పూటతో ముగియక రాయి నిలిపే కార్యం మీదుగా ఏళ్ల పాటు సాగి చివరకు ఆయన పితరుల్లో కలుస్తాడని సవర పెద్దలు నమ్ముతారు. చెప్పుకోలేకపోయిన మాటలను చెప్పించడం మా చికిత్సా గదుల్లోనూ జరిగే పనే కనుక, మానసిక వైద్యుడిగా నాకు ఇందులో కొట్టిపారేయవలసినదేమీ కనిపించదు.

వైద్య గ్రంథాలు కూడా ఈ విషయంలో కొంత మారాయి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం, దుఃఖాన్ని దీర్ఘకాలిక రుగ్మతగా గుర్తించాలంటే కనీసం 6 నెలలు గడవాలి. అంతేకాక ఆ దుఃఖం సదరు మనిషి సమాజం, సంస్కృతి, మతం సహజమని భావించే హద్దును స్పష్టంగా దాటి ఉండాలి. అంటే మీ అమ్మగారిది జబ్బా కాదా అని తేల్చేటప్పుడు మీ ఊరి ఆచారం కూడా లెక్కలోకి రావాలి. నాలుగు నెలలకే ఆ పేరు పెట్టడం తొందరపాటు అవుతుంది.

నన్ను కలవరపెడుతున్నది ఆ పిలుపు కాదు, మీరు దాని పక్కన రాసిన మిగతా మాటలు. తిండి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, ఛాతీ బరువు డిప్రెషన్‌లోనూ ఉంటాయి. డిప్రెషన్‌ను నిర్ధారించడానికి ఆరు నెలలు ఆగనక్కరలేదు, రోజులో ఎక్కువ భాగం దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం వంటి లక్షణాలు రెండు వారాలు కొనసాగితే చాలు. అంతకంటే ముందు 52 ఏళ్ల మనిషికి ఛాతీ బరువుగా ఉంటే ఒక ఈసీజీ తీయించాలి, అది దిగులు వల్లేనని మనమే తీర్పు చెప్పకూడదు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 లోపం కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి. జిల్లాలో ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిస్తే మందులు, వాటి మోతాదులు ఎంచుకోవడం డాక్టరుకు సులువవుతుంది. మరొక్క విషయం. పసరు మందులు ఏవైనా వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఉదాహరణకు సర్పగంధి వేరులో ఉండే రిసెర్పిన్ రక్తపోటును తగ్గిస్తుంది, మత్తు తెస్తుంది. ఒకప్పుడు దాన్ని బీపీ మందుగా వాడిన రోజుల్లో కొందరు దిగులుకు లోనైనట్టు వైద్యులు గమనించారు. పసరు పోసేవారి మీద నింద వేయడానికి ఈ మాట చెప్పడం లేదు. రెండు మందులు ఒకే ఒంట్లోకి వెళ్తున్నప్పుడు ఇద్దరికీ తెలియాలి కదా.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం కార్యం కోసం గానీ, తమ్ముడి రాక కోసం గానీ ఒక్క రోజు కూడా ఆగవద్దు. ‘ఆయన పిలుస్తున్నాడు, నేనూ వెళ్లిపోతాను’ అని ఆమె అనడం, ఆ గొంతు ఫలానా పని చేయమని ఆజ్ఞాపిస్తోందని చెప్పడం, అన్నం నీళ్లు పూర్తిగా మానేయడం, పగలు రాత్రి తేడా తెలియనట్టు మాట్లాడటం, ఎవరో తనకు హాని చేస్తున్నారని భయపడటం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది వెనుకాడతారు. అలా జరగదు, నెమ్మదిగా, సూటిగా అడగండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఈరోజే బయటకు తరలించి తాళం వేయండి. తెల్లవారుజామున ఆమె లేచే వేళకు ఇంట్లో మరొకరు మేలుకుని ఉండేలా చూడండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ) సలహాదారులతో ఏ వేళలోనైనా తెలుగులో, ఉచితంగా మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు నుంచి ఈ సేవ నడుస్తోంది.

ఇక కార్యం సంగతి. నా అభిప్రాయం చేయించమనే, కానీ షరతులతో. తమిళనాడులోని ఒక గుడిలో బస చేసిన 31 మంది మానసిక రోగులను పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో, సగటున ఆరు వారాలు అక్కడ ఉన్నవారిలో లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గినట్టు తేలింది. అక్కడి వాతావరణం భయపెట్టేది కాదు, వారిని ఆదరించారు, గుడి పనుల్లో కలుపుకున్నారు. మేలు చేసింది ఆ ఆదరణేనని నేను అనుకుంటాను. దానికి పూర్తి విరుద్ధమైనది ఆ రాష్ట్రంలోనే ఎర్వాడిలో జరిగింది: 2001 ఆగస్టు 6న దర్గా దగ్గరి ఒక ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచడం వల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. మానసిక రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టంలోని 95వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కాబట్టి కట్టేయడం, కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, పస్తు ఉంచడం, రాసిన మందులు మాన్పించడం వంటివి ఏవైనా ఎజ్జోడు కోరితే అక్కడితో ఆపేయండి. అన్నిటికంటే ముఖ్యంగా, నాన్న చావుకు ఫలానావారి చిల్లంగి (చేతబడి) కారణమని ఎవరైనా పేరు ఎత్తితే మీరు అక్కడే లేచి వ్యతిరేకించాలి, అవసరమైతే పోలీసులకు తెలియజేయాలి. మన జిల్లాలోనూ, మన్యంలోనూ ఆ అనుమానం ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు చెప్పనక్కరలేదు.

ఖర్చు గురించి కూడా ముందే మాట్లాడుకోండి. దున్నపోతుకు, విందుకు షావుకారు దగ్గర అప్పు చేస్తే, దుఃఖం తగ్గే వేళకు వడ్డీ దిగులు మొదలవుతుంది. ఇప్పటికి చిన్నగా మాట్లాడించే తంతు చేసి, రాయి నిలిపే పెద్ద కార్యాన్ని పంట చేతికొచ్చాక పెట్టుకోవచ్చునా అని ఎజ్జోడినే అడగండి. కార్యంలో సారా, జీలుగు కల్లు ఉంటాయి కనుక, మందులు మొదలుపెట్టి ఉంటే అమ్మకు అవి పోయవద్దని ఆయనతో ముందే ఒప్పించండి.

మీ తమ్ముడిని కార్యానికి బలవంతపెట్టవద్దు. ఆయన తన ప్రార్థన తాను చేసుకోవచ్చు; అమ్మ ముందు అన్నదమ్ములు మతం మీద తగవులాడటం మాత్రం ఆమెకు రెండో బాధ. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మూలవాసుల గురించి ఇద్దరు పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనం ఆయనకు ఆసక్తి కలిగించవచ్చు: స్వపరిపాలన, భూమి హక్కుల పోరాటం, తమ బడి, తమ వైద్యం, తమ సాంస్కృతిక కేంద్రం వంటివి ఎన్ని ఎక్కువ ఉంటే ఆ సమూహాల్లో యువకుల ఆత్మహత్యలు అంత తక్కువగా కనిపించాయి. పూజలు జబ్బులు నయం చేస్తాయని దీని అర్థం కాదు. తమ బతుకు తమ చేతిలో ఉందన్న ధైర్యం, తమ పద్ధతులకు విలువ ఉందన్న భరోసా మనసును కాపాడతాయని మాత్రం నేను దీన్నుంచి గ్రహిస్తాను.

యాప్ విషయంలో నాకు పెద్ద ఉత్సాహం లేదు. మైండ్‌ఫుల్‌నెస్ చెడ్డదని కాదు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో శిక్షణగా రూపుదిద్దుకున్న ఆ పద్ధతికి మూలం బౌద్ధ ధ్యానం, ఆ ధ్యానం చేసిన భిక్షువులు మన శాలిహుండంలోనూ, విజయనగరం దగ్గరి రామతీర్థంలోనూ శతాబ్దాల కిందటే నివసించారు. పదే పదే తిరగబెట్టే డిప్రెషన్‌ను నివారించడంలో దాని ఉపయోగం రుజువైంది. కానీ మనిషి పోయి నాలుగు నెలలే అయిన ఆమెను తనది కాని భాషలో, చెవుల్లో వైర్లు పెట్టి, కళ్లు మూసి ఒంటరిగా కూర్చోబెడితే ఆ చివరి రోజులే కళ్ల ముందుకు వస్తాయి. భ్రమలున్నవారికి దీర్ఘ ధ్యానం హాని కూడా చేయగలదు. దానికి బదులు పొరుగు ఆడవాళ్లతో కలిసి చింతపిక్కలు తీయడం, కొండచీపుర్లు కట్టడం వంటి చేతి పనికి రోజూ ఒక వేళ పెట్టండి. కళ్లు తెరిచి, చేతుల మీద ధ్యాస నిలిపి, నలుగురి మధ్య చేసే పనితోనూ ఆ శిక్షణ ఇచ్చే మేలు కొంత దక్కుతుంది. ఇష్టమైతే ఉదయపు ఎండలో కాసేపు నడిపించండి.

డిప్రెషన్ అని తేలితే ఇచ్చే మందులు అలవాటుగా మారేవి కావు, వాటి గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాస్త నిమ్మళించగానే మానేయవద్దు. మెడికల్ షాపులో అడిగి కొనే నిద్ర మాత్రలు మాత్రం అలవాటు చేస్తాయి, వాటి జోలికి వెళ్లవద్దు. మొదట దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, అక్కడి చీటీతో శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. అమ్మకు తెలుగులో ఇబ్బంది ఉంటే సవర భాష వచ్చిన ఆశ కార్యకర్తనో, చుట్టాలలో ఒక ఆడమనిషినో తోడు తీసుకెళ్లండి. కొడుకు ముందు తల్లి కొన్ని మాటలు చెప్పదు. ఈ బాధను ఆమె ఏమని పిలుస్తోంది, దేనివల్ల వచ్చిందనుకుంటోంది, ఊళ్లో ఎవరి సాయం తీసుకుంది, డాక్టరు నుంచి ఏం ఆశిస్తోంది అన్న నాలుగు సంగతులూ బయలుదేరే ముందే ఒక కాగితం మీద రాసుకుని, ఎజ్జోడు చెప్పినదాన్ని కూడా దాచకుండా అందులో చేర్చి, ఆ కాగితాన్ని డాక్టరు చేతికి ఇవ్వండి.