చెరకు తోటల్లో మొలిచిన ఇంటిపేర్లు

(చక్కెర మిల్లులో కెమిస్టుగా పనిచేసి, రిటైరయ్యాక చెన్నై మైలాపూరులో ఉంటున్న మా శీర్షిక నిర్వాహకులు ఈ నెల మూడు ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. సెలవులకు స్నేహితురాళ్లతో నెగ్రోస్ దీవిలోని బాకొలోద్ వెళ్లింది. పక్కనే తాలిసాయ్‌లో కాలిపోయిన మేడ ఒకటి చూసిందట. అది లాక్సన్ అనే ఆయనది. ఊళ్లో పెద్ద వీధి పేరూ లాక్సనే, ఇంకో వీధి అరానెతా. వీళ్లంతా మన జమీందార్ల లాంటివాళ్లా?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: కాదమ్మా. బొబ్బిలి, వెంకటగిరి వాళ్లలాగా కోటలూ సనదులూ ఉన్న వంశాలు కావివి. 1850కి ముందు నెగ్రోస్ పడమటి తీరం చాలామటుకు అడవి. లాక్సన్, లోక్సిన్, లెడెస్మా, లోపెజ్ లాంటి ఇంటిపేర్లు జలసంధికి అవతల పనాయ్ దీవిలో, ఇలోయిలో పట్నం పక్కనున్న మోలో, హారో పేటల నుంచి వచ్చాయి. చైనా వర్తకులు స్థానిక స్త్రీలను చేసుకోగా పెరిగిన కుటుంబాలు వాటిలో చాలా ఉన్నాయి. వాళ్ల వ్యాపారం చెరకు కాదు, బట్ట. అనాస నారతోనూ పట్టుతోనూ ఆడవాళ్లు నేసిన గుడ్డను మనీలాకు ఎగుమతి చేసేవాళ్లు.

1855లో ఇలోయిలో రేవును విదేశీ ఓడలకు తెరిచారు. మరుసటేడే నికొలస్ లోనీ అనే ఇంగ్లీషువాడు బ్రిటిష్ వైస్ కాన్సల్‌గా వచ్చి దిగాడు. పేరుకు కాన్సలే గానీ అసలు పని వ్యాపారం. మాంచెస్టర్ మిల్లు గుడ్డ చవగ్గా తెచ్చి పోశాడు. గుడ్డ దించిన ఓడలు ఖాళీగా తిరిగి వెళ్తే గిట్టదు కదా, అందుకని చక్కెర పండించండి, కొంటానన్నాడు. ఇనప గానుగలు అప్పు మీద ఇప్పించాడు. మాంచెస్టర్ గుడ్డ మన చీరాల నేతగాళ్లను ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. ఇలోయిలో మగ్గాలకూ అదే గతి పట్టింది. అయితే అక్కడి షావుకార్లు మునిగిపోలేదు. డబ్బు మూట కట్టుకుని జలసంధి దాటి నెగ్రోస్‌లో భూమి పట్టారు. ఇలోయిలో రేవు గట్టు ఇప్పటికీ లోనీ పేరుతోనే ఉంది. మగ్గాలవాళ్ల పేరు మీద ఏ గట్టూ నా కంటబడలేదు.

భూమి ఎలా పట్టారన్నది అసలు కథ. కొంత అడవి కొట్టించారు. మిగతాది, అప్పటికే అడవి కొట్టుకుని సాగు చేసుకుంటున్న చిన్న రైతులది. వాళ్లకు అప్పిచ్చి, గడువులోగా తిరిగి కొనుక్కోవచ్చన్న షరతు మీద అమ్మకం పత్రం రాయించుకునేవాళ్లు. గడువు దాటిందా, పొలం పోయినట్టే. ఇలా కలిసిన కమతాలనే అసియెండా అంటారు. అందరూ ఇలోయిలో వాళ్లే అనుకోకండి. సిలాయ్‌లో ఈవ్ లియోపోల్డ్ జెర్మేన్ గాస్తోన్ అనే ఫ్రెంచివాడు లోనీకన్నా ముందే చెరకు వేశాడు. ఆయన కొడుకు విక్టర్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అమ్మాయి మళ్లీ వెళ్తే ఆ చెక్క మేడ చూడమనండి.

ఇక ఆ కాలిన మేడ. కట్టించినాయన మరియానో లెడెస్మా లాక్సన్. భార్య మరియా బ్రాగా మకావు నుంచి వచ్చిన పోర్చుగీసు స్త్రీ. ఆవిడ గర్భంతో ఉండి పోయాక ఆమె జ్ఞాపకంగా కట్టించాడు. స్తంభాల మీద ఇద్దరి పేర్ల మొదటి అక్షరం ఎమ్ రెండేసి ఎదురెదురుగా ఉంటుంది. అమ్మాయి ఫోటో పెద్దది చేసి చూడండి, కనబడుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం అందులో మకాం పెట్టకుండా అమెరికా పక్షాన పోరాడే గెరిల్లాలే దానికి నిప్పు పెట్టారు. కాంక్రీటు కాబట్టి గోడలు నిలిచాయి.

ఆయన పేరు ఇంకోసారి చదవండి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్లకు చివర. మధ్యలో ఉన్న లెడెస్మా తల్లి పుట్టింటి పేరు. అంటే ఒక మనిషి పేరులోనే రెండు కుటుంబాల వియ్యం కనిపిస్తుంది. నేను తిరువొత్తియూరులో తయారైన మిల్లు యంత్రాలు బిగించే పని మీద ఆ జిల్లాకు వెళ్లినప్పుడు కాలక్షేపానికి సమాధుల మీద పేర్లు చదివేవాణ్ణి. మధ్య పేరునూ చివరి పేరునూ కలుపుతూ పోతే, ఏ తోట ఏ తోటతో కలిసిందో రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లకుండానే తెలిసిపోయేది.

వీధి పేర్ల సంగతి కూడా చెప్పాలి. 1898 నవంబరు 5న ఈ తోటల యజమానులే అప్పటిదాకా దేశాన్ని ఏలుతున్న స్పెయిన్ మీద తిరగబడ్డారు. ఉత్తరం నుంచి అనిసెతో లాక్సన్, దక్షిణం నుంచి హువాన్ అరానెతా మనుషులను నడిపించారు. తుపాకులు చాలవు. నీపా అనే తాటిజాతి చెట్టు మట్టలను తుపాకుల్లా చెక్కి, వెదురు చాపలను చుట్టి నల్లరంగు పూసి ఫిరంగుల్లా చూపించారు. దూరం నుంచి చూసిన స్పెయిన్ గవర్నరు మర్నాడే లొంగిపోయాడు. లాక్సన్ నెగ్రోస్ ప్రభుత్వానికి అధ్యక్షుడయ్యాడు. ఇంతవరకూ నాకు భలే ఇష్టమైన కథ. కానీ కొద్ది రోజులకే వాళ్లు, మనీలా వైపు ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య నాయకుడు అగినాల్డో స్వతంత్ర ప్రభుత్వం నడుస్తుండగానే, అమెరికా రక్షణ కోరారు. చక్కెర అమ్ముకోవాలి కదా! భూమి పంచాలన్న పాపా ఇసియో మాత్రం కన్లావోన్ కొండల్లో 1907 దాకా పోరాడి లొంగిపోయి, 1911లో జైల్లో పోయాడు. పెద్ద వీధి ఎవరి పేరు మీదుందో మీ అమ్మాయి చూసే వచ్చింది.

ప్రశ్న: మా ఆఫీసులో ఫిలిప్పీన్స్ సహోద్యోగి పియాయా అని తినిపించింది. లోపల మన బెల్లమేనా?
- ఒక పాఠకుడు, శోళింగనల్లూరు, చెన్నై

జవాబు: దగ్గరి చుట్టమే. దాన్ని మస్కొవాదో అంటారు. చెరకు రసం కాచి, మడ్డి పూర్తిగా వడకట్టకుండా ఆరబెట్టిన ముదురు చక్కెర. బొబ్బట్టులో పూర్ణం పెట్టినట్టు పిండిలో దాన్ని పెట్టి ఒత్తి, పైన నువ్వులు అద్ది పెనం మీద కాలుస్తారు. లోనీ ఓడల్లో వెళ్లింది కూడా ఈ ముదురు సరుకే. స్పెయిన్ తర్వాత ఫిలిప్పీన్స్‌ను ఏలిన అమెరికా 1909లో అక్కడి చక్కెర మీద మూడు లక్షల టన్నుల దాకా సుంకం ఎత్తేసి, 1913లో ఆ పరిమితీ తీసేశాక పెద్ద మిల్లులు లేచాయి. మిగెల్ ఒసోరియో 1919లో పెట్టిన విక్టోరియాస్ మిల్లు వాటిలో ఒకటి. ఆ మిల్లు ఆవరణలోని చర్చిలో ఆయన కొడుకు ఆల్ఫోన్సో 1950లో కోపంగా చూసే క్రీస్తు బొమ్మ గోడ నిండా వేశాడు. మిల్లు యజమాని కొడుకు అలాంటి బొమ్మ వేయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ప్రశ్న: మాది చిత్తూరు వైపు. చెరకు తోలిన డబ్బుల కోసం మా నాన్నగారు ఫ్యాక్టరీ చుట్టూ తిరగని రోజు లేదు. నెగ్రోస్‌లో రైతుకు ఎలా ఇస్తారు?
- ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: మన దగ్గర ఫ్యాక్టరీ చెరకు కొంటుంది. టన్నుకింత రేటు, 14 రోజుల్లో డబ్బు అని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. కాగితం మీద మాటలెండి, మీ నాన్నగారికి తెలుసు. నెగ్రోస్‌లో చెరకు అమ్మరు. మిల్లు ఆడించి, కూలి కింద చక్కెరలో తన వాటా ఉంచుకుంటుంది. మిగిలిన చక్కెర తోట యజమానిదే. దానికి వారంవారం గోదాము రసీదు ఇస్తారు, దాన్ని కెదాన్ అంటారు. ఆ కాగితాన్ని అమ్ముకోవచ్చు, బ్యాంకులో తాకట్టూ పెట్టుకోవచ్చు. 1952 నాటి చట్టం ఒకటి మిల్లు ఉత్పత్తిని బట్టి యజమాని వాటాను 60 నుంచి 70 శాతంగా నిర్ణయించింది. దాంతో యజమానికి పెరిగిన వాటాలో 60 శాతం కూలీలకు చెందాలంది. కానీ ఎక్కువమంది యజమానులతో మిల్లుకు రాతపూర్వక ఒప్పందం లేనిచోటే అది వర్తిస్తుంది. ఇంత మంచి చట్టంలో అంత పెద్ద కన్నం ఎవరు పెట్టించి ఉంటారో ఆలోచించుకోండి.

అసలు నరికేవాడి చేతికి కెదాన్ రాదు. పనాయ్ దీవిలోని అంతీకె వైపు నుంచి మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి ముఠాలను తెస్తాడు. వాళ్లను సకాదా అంటారు. మహబూబ్‌నగర్ పాలమూరు కూలీల సంగతి తెలిసినవాళ్లకు ఇంకేమీ వివరించక్కర్లేదు. తోటలోనే కాపురముండే కూలీలకు క్రషింగ్ ఆగిపోయిన నెలలు అప్పుల నెలలే.

ఏటా ఇంత చక్కెర అమెరికా కొంటుందన్న కోటా భరోసా 1974లో పోయింది. అదే ఏడాది చివర్లో ప్రపంచ ధర పౌనుకు 65 సెంట్ల దాకా ఎగిరింది. ఇంకా పెరుగుతుందని సరుకు పట్టి ఉంచారు. గోదాములు చాలక స్కూలు గదుల్లో, ఈత కొలనుల్లో కూడా బస్తాలు వేశారు. రెండు మూడేళ్లలో ధర పది సెంట్ల లోపుకు పడింది. తర్వాత అప్పటి దేశాధ్యక్షుడు మార్కోస్ స్నేహితుడు, నెగ్రోస్ వాడే అయిన రొబెర్తో బెనెదిక్తో చేతికి చక్కెర వ్యాపారమంతా వెళ్లింది. 1980ల నడుమ చాలా తోటల్లో పనే లేదు, పిల్లలు ఆకలికి చిక్కి శల్యమయ్యారు. 1985 సెప్టెంబరు 20న ఎస్కలాంతె పట్నంలో నిరసన తెలిపినవాళ్ల మీద కాల్పులు జరిపి 20 మందిని చంపారు.

పెద్ద కుటుంబాల్లో కొందరు అప్పటికే చక్కెర నుంచి పక్కకు జరిగారు. లోపెజ్‌లు మనీలాలో కరెంటు కంపెనీ కొన్నారు, టీవీ నడిపారు. వాళ్లలో ఫెర్నాందో రెండు విడతలు దేశ ఉపాధ్యక్షుడు. 1988లో భూ సంస్కరణ చట్టం వచ్చి తోటలు కొన్ని కూలీలకు పంచారు. పట్టా వచ్చినవాళ్లలో చాలామందికి ఎరువులకూ ట్రాక్టరుకూ డబ్బుల్లేవు. అందుకని పాత యజమానికే ఏళ్ల లెక్కన కౌలుకిచ్చి, అదే చేలో దినకూలికి వెళ్తున్నారు.