లారీ గుద్ది వెళ్లిపోయింది... క్లెయిమ్ చేయాలా, చేతి నుంచి కట్టుకోవాలా?

ప్రశ్న: మాది విజయవాడ. ఐదు రోజుల కిందట రాత్రి హైదరాబాద్ నుంచి వస్తుంటే చౌటుప్పల్ దగ్గర ఓ లారీ మా కారును పక్కనుంచి రాసుకుంటూ వెళ్లిపోయింది. నంబరు చూడలేకపోయాం. అమ్మకు మణికట్టు ఎముక విరిగింది. కారు కొని మూడేళ్లు దాటింది, 1,200 సీసీ. కాంప్రహెన్సివ్ పాలసీ ఉంది, జీరో డెప్ (విడిభాగాల తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 35 శాతం. రిపేరుకు రూ.38,000 అంటున్నారు. ‘గోడకు గీసుకుందని రాసేయండి, పోలీసుల గొడవ ఉండదు’ అని షెడ్డు వాళ్ల సలహా. క్లెయిమ్ చేస్తే ఎన్‌సీబీ పోతుంది కదా?

జవాబు: ఆ గోడ మాట ఒప్పుకోకండి. షెడ్డుకు కావాల్సింది బిల్లు త్వరగా పాసవడం. అబద్ధమని తేలితే కంపెనీ క్లెయిమే తిప్పికొట్టొచ్చు. అంతకంటే ముఖ్యం, మీ అమ్మగారికి రావాల్సిన డబ్బు కూడా పోతుంది.

గుద్దిన బండి ఆచూకీ దొరక్కపోతే మోటారు వాహనాల చట్టం 161 సెక్షన్ కింద మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50,000 పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ మొత్తాలు అమల్లో ఉన్నాయి. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయమే. దరఖాస్తు ఇవ్వాల్సింది ప్రమాదం జరిగిన ప్రాంతపు ఆర్డీఓకు. ఎఫ్ఐఆర్, గాయం సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు జత చేయాలి. నెలలో బండి దొరక్కపోతే ఈ పథకం గురించి పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాళ్లు చెప్పేదాకా ఆగకండి, మీరే అడగండి.

ఎఫ్ఐఆర్ కోసం చౌటుప్పల్ దాకా వెళ్లనక్కర్లేదు. విజయవాడలోనే జీరో ఎఫ్ఐఆర్ (ప్రమాదం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) ఇవ్వొచ్చు, వాళ్లు అక్కడికి బదిలీ చేస్తారు. పంతంగి టోల్ ప్లాజా సీసీ కెమెరాల ఫుటేజీ చూడమని ఫిర్యాదులోనే రాయండి. ఆ రికార్డింగులు ఎక్కువ కాలం ఉంచరు.

ఇక కారు లెక్క. 38,000లో రేకు భాగాలు 16,000, ప్లాస్టిక్ 6,000, పెయింటు 8,000, లేబరు 8,000 అనుకుందాం. నాలుగో ఏట ఉన్న కారుకు రేకు మీద 25 శాతం, ప్లాస్టిక్ మీద 50 శాతం తరుగుదల కోస్తారు. పెయింటు ఖర్చులో పావు వంతును మెటీరియల్ కింద లెక్కగట్టి అందులో సగం తీసేస్తారు. లేబరు మొత్తం ఇస్తారు. అంటే 4,000, 3,000, 1,000 పోతాయి. 1,500 సీసీ లోపు కారు కాబట్టి తప్పనిసరిగా మీరు భరించాల్సింది ఇంకో 1,000. చేతికొచ్చేది 29,000.

ఎన్‌సీబీ థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టే) ప్రీమియానికి వర్తించదు, ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియం మీదే. అది డిస్కౌంటుకు ముందు 9,000 అనుకుంటే, క్లెయిమ్ చేయకపోతే వచ్చే రెన్యువల్‌కు 45 శాతం వచ్చేది, చేస్తే సున్నా. నష్టం 4,050. తర్వాతి ఏళ్లలో మీరు మళ్లీ 20, 25, 35, 45 శాతం మెట్లెక్కుతారు, క్లెయిమ్ చేయకుంటే 50 దగ్గర ఉండేవారు. ఈ తేడాలన్నీ కలిపితే ఐదేళ్లలో 10,800, జీఎస్టీ కాకుండా. కాబట్టి క్లెయిమ్ చేయండి. బిల్లు పదిహేను వేల లోపే అయితే చేతి నుంచి కట్టుకోమనేవాణ్ని.

కంపెనీకి ఈరోజే ఫోన్ చేయండి. వాళ్లు చూసేదాకా రిపేరు మొదలుపెట్టనివ్వకండి. ఐదు రోజులు ఆలస్యమైందన్న బెంగ వద్దు. సరైన కారణం ఉంటే ఒక్క ఆలస్యాన్నే సాకుగా చూపి క్లెయిమ్ కొట్టేయొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే కంపెనీలకు చెప్పింది. అమ్మగారి గాయం, చికిత్స వల్ల ఆలస్యమైందని రాయండి, చాలు.

పాలసీలో కనిపించే రూ.15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అది బండి నడిపే యజమానికే, అదీ మరణానికో శాశ్వత వైకల్యానికో. అమ్మగారి ఆస్పత్రి బిల్లు హెల్త్ పాలసీ ఉంటే అందులో పెట్టుకోవాలి. ఒకవేళ లారీ దొరికితే 50,000తో ఆగిపోకుండా దాని ఇన్సూరెన్స్ కంపెనీ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు. దానికి చట్టం పెట్టిన గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు.