ఫీజు కట్టేది ఎవరు, పేషెంటు ఎవరు?

(జబ్బు లేదా లోపం ఉన్నవారు రోజువారీ పనులు తామే చేసుకునేలా తర్ఫీదు ఇచ్చేవారు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్న అలాంటి సీనియర్ థెరపిస్టు ఒకరు ఈ నెల పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు ఇస్తున్నారు.)

ప్రశ్న: గుంటూరులో ఒక పునరావాస కేంద్రంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే 62 ఏళ్ల పెద్దాయన పక్షవాతం వచ్చాక మా దగ్గర చేరారు. చెయ్యీ కాలూ బాగానే కోలుకున్నాయి గానీ, ఎడమ పక్కన ఉన్నవేవీ ఆయన దృష్టికి రావడం లేదు. మళ్లీ స్కూటర్ మీద యార్డుకు వెళ్తానంటున్నారు. ‘ఈ సంగతి మా అబ్బాయిలకు చెప్పకమ్మా, కొట్టు లాగేసుకుంటారు’ అని నన్ను బతిమాలారు. ఫీజు కడుతున్నది ఆ అబ్బాయిలే. నాన్నగారు లెక్కలు చూసే స్థితిలో లేరని ఒక లెటరు రాసి ఇమ్మని పెద్దబ్బాయి అడుగుతున్నారు. ‘డబ్బు కట్టేవాళ్లు అడిగింది ఇచ్చేయమ్మా’ అని మా యజమాని. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ యజమాని సంగతి. ఫీజు ఎవరి జేబులోంచి వచ్చినా మీ పేషెంటు ఆ పెద్దాయనే. కొడుకులు ఆయనకు వైద్యం చేయిస్తున్నారు, సంతోషం. అంతమాత్రాన ఆయన మీతో చెప్పుకున్నవన్నీ వాళ్ల సొంతం కావు.

ఇక ఆయన సంగతి. మెదడు కుడి భాగం దెబ్బతిన్నవారిలో, ఎడమ పక్కవి గమనించలేని ఈ లోపం తరచూ కనిపిస్తుంది. ఇది కంటి జబ్బు కాదు, కొత్త కళ్లద్దాలు కొనిపెడితే తీరేది కాదు. విస్తరిలో ఎడమవైపు వడ్డించిన కూర అలాగే ఉండగా ‘ఇవాళ కూర చేయలేదా?’ అని అడుగుతారు. గడ్డం ఒక చెంపకే గీసుకుంటారు. పద్దు పుస్తకంలో 38,500 అని ఉంటే 500 అని చదువుతారు, అదీ ఎక్కడా తడుముకోకుండా. తమకు ఈ లోపం ఉందని చాలామందికి తెలియనే తెలియదు. కాబట్టి ఆయన మొండికేస్తున్నారని అనుకోకండి. మీరు చెప్పింది విన్నారు, నమ్మి ఉండరు.

అందుకని చెప్పడం మాని చూపించండి. ఆయన పాత పద్దు పుస్తకమే తెప్పించండి. ఒక పేజీ పైకి చదవమని, తర్వాత ఎడమ అంచున నిలువునా ఎర్ర గీత గీసి, గీత కనిపించేదాకా తల తిప్పి మళ్లీ చదవమనండి. రెండుసార్లు చదివిన అంకెలకు తేడా ఆయనకే తెలుస్తుంది. వ్యాపారికి అంకె తప్పితే తగిలే దెబ్బ మన ఉపన్యాసాలకు తగలదు. పైగా చికిత్స కూడా అదే. కొట్టులో మళ్లీ కూర్చోవాలన్నది ఆయన కోరిక అయినప్పుడు కాటా చీటీలు, పద్దు పుస్తకం, నోట్ల కట్టలు మీ టేబుల్ మీద ఉండాలి. చెక్క బోర్డులో మేకులు గుచ్చించడం ఇక చాలు. (ఆ మేకుల బోర్డు లేకపోతే మన వృత్తే లేదనుకునేవారు ఇంకా ఉన్నారు!)

స్కూటర్ విషయం వేరు, అక్కడ మెత్తబడకండి. మనం రోడ్డుకు ఎడమ వైపున నడుపుతాం. నడిచిపోయేవారు, సైకిలు తొక్కేవారు, బడి నుంచి పరుగెత్తుకొచ్చే పిల్లలు ఆయనకు కనిపించని వైపే ఉంటారు. సీజనులో టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకుని వచ్చే లారీల మధ్య సంగతి చెప్పనక్కర్లేదు. ప్రస్తుతం నడపకూడదని స్పష్టంగా చెప్పండి. మీరు గమనించినవి రాసి న్యూరాలజిస్టుకు పంపండి, పంపుతున్నట్టు ఆయనకూ చెప్పండి. నడపవచ్చా లేదా అన్న వైద్య నిర్ణయం ఆ డాక్టరుది. ఇతరులకు ప్రమాదం తెచ్చే జబ్బు తనకు ఉందని తెలిసీ బండి నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 186వ సెక్షను కింద నేరం. ఆ మాట కూడా చెవిన వేయండి. అయినా తాళాలు తీశారనుకోండి, ‘ఇది మాత్రం మీ ఇంట్లో చెప్పక తప్పదండీ’ అని ఆయన ముఖం మీదే చెప్పి, ఆ తర్వాతే కొడుకులకు ఫోను చేయండి. బండి ఇవ్వవద్దన్న ఒక్క మాటే చెప్పండి. 38,500 కథ ఆ ఫోనులో రాకూడదు. రోడ్డు మీద ఎవరి ప్రాణానికో ముప్పు ఉంది కాబట్టి అంతవరకు నోరు విప్పుతున్నారు, అంతకు మించి మీకు హక్కు లేదు.

లెటరు రాయకండి. మీరు చేసిన పరీక్షలు చికిత్స కోసం చేసినవి. లెక్కలు చూడగలరా అన్నది వేరే ప్రశ్న. దానికి ఆయన సమ్మతి, డాక్టరు పరీక్ష రెండూ కావాలి. పైగా ఆయన ఇంకా కోలుకుంటున్న మనిషి. ఆ ఇంటి పంపకాల సంగతి నాకు తెలియదు గానీ, తండ్రిని గల్లాపెట్టె దగ్గర నుంచి లేపే కాగితం మీద మీ సంతకం ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు, ఆటిజం ఉంది. సెషన్ వీడియోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోనిస్తే ఫీజు తగ్గిస్తామని థెరపీ సెంటరువాళ్లు అంటే సంతకం పెట్టాం. మొన్న ఉయ్యాల మీద వాడు ఏడుస్తున్న వీడియో బంధువులందరూ చూశారు. ఇప్పుడు వద్దనవచ్చా? బోర్డు మీద ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు అని ఉంది. అది చాలా?
– ఒక తల్లి, గుణదల, విజయవాడ

జవాబు: వద్దనవచ్చు, ఇవాళే కాగితం మీద రాసి ఇవ్వండి. పాత వీడియోలు తీసేయమని కూడా రాయండి. రాయితీ ఎర చూపి తీసుకున్న సంతకాన్ని నేను సమ్మతి అనను. ఆ తగ్గించిన ఫీజు మీ బాబు ఏడుపుతో కట్టించుకున్నారు. ఉయ్యాల మీద పిల్లవాడు బెదిరిపోతుంటే చూపు వాడి మీద ఉండాలా, ఫోను మీద ఉండాలా?

ఆర్‌సీఐలో స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు నమోదవుతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ జాబితాలో లేరు. మా వృత్తి 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి వస్తుంది. కాబట్టి బాబుతో కూర్చునే మనిషి డిగ్రీ చూపించమని అడగండి. మొహమాటపడకండి, కూరగాయలు కూడా ఏరి చూసే కొంటాం కదా. వచ్చే మూడు నెలల్లో ఇంట్లో ఏ పని తనంతట తాను చేసుకోగలడో రాసి ఇమ్మనండి. ‘సెన్సరీ మెరుగుపడుతుంది’ అంటే ఒప్పుకోకండి. ‘స్కూలు బ్యాగు జిప్పు తానే వేసుకుంటాడు’ అని రాయాలి. రాయితీ పోతుందన్న బెంగ ఉంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు పెట్టండి. ఆటిజం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చుకు అందులో కొంత పరిమితి ఉంటుంది.

ప్రశ్న: మా థెరపీ సెంటరులో ఒక పిల్లవాడికి ఇంటర్న్ చేసిన 30 నిమిషాల సెషన్‌ను, నేనే 45 నిమిషాలు చేసినట్టు రాసి సంతకం పెట్టమంటున్నారు. కొత్త ఉద్యోగం, కాదనలేకపోతున్నాను.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కాదనండి. ఇంటర్న్ పేరు, 30 నిమిషాలు, పర్యవేక్షించి ఉంటేనే పర్యవేక్షకుడిగా మీ పేరు, అంతే రాయండి. ఎందుకు మార్చలేనో యజమానికి రెండు వాక్యాల్లో మెయిల్ పెట్టండి. రేపు ఆ పిల్లవాడి తండ్రి ఫైలు పట్టుకుని వస్తే అడిగేది సంతకం పెట్టిన మిమ్మల్నే.