చీటీ పాడి పేరు కొనుక్కోవాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయనగరం. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్) ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. చేతికి 46 వేలు వస్తుంది, ఇల్లు గడవడానికి 34 వేలు అవుతోంది. భార్య, ఎల్‌కేజీ చదివే పాప ఉన్నారు. నా తర్వాత చేరినవాళ్లు హైదరాబాద్ వెళ్లి నాకంటే ఎక్కువ తెచ్చుకుంటున్నారు. ఈమధ్య ఒక సంస్థవాళ్లు ‘పర్సనల్ బ్రాండింగ్’ (మన రంగంలో మనకంటూ పేరు తెచ్చుకోవడం) అని ఆరు నెలల ప్రోగ్రామ్ చెప్పారు. ఫొటోషూట్, సొంత వెబ్‌సైట్, లింక్డ్‌ఇన్ పోస్టులు అన్నీ వాళ్లే చూసుకుంటారట. ఏడాదిలో జీతం డబుల్ అంటున్నారు. ఫీజు లక్షన్నర, జీఎస్టీ అదనం. నాకు 2 లక్షల చీటీ ఉంది (20 నెలలు, నెలకు 10 వేలు, కమిషన్ 5 శాతం). ఇది ఎనిమిదో నెల. పోయిన నెల పాట 42 వేలకు పోయింది. ఎఫ్‌డీలో 60 వేలున్నాయి. చీటీ పాడమంటారా, 15 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోమంటారా? ఈ ఫీజుకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఏమైనా తగ్గుతుందా?

జవాబు: చీటీ పాడకండి, లోన్ కూడా వద్దు. ఈ నెల పాట దగ్గరపడి ఉంటుంది కాబట్టి ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

లక్షన్నరకు 18 శాతం జీఎస్టీ కలిపితే 1,77,000. ఈ నెల కూడా పాట 42 వేలకే పోతే, అంటే రెండు లక్షల్లో అంత వదులుకుంటే (కమిషన్ అందులోనే), మీ చేతికొచ్చేది 1,58,000. ఫీజుకే చాలదు, మిగతా 19 వేలకు ఎఫ్‌డీ విరగ్గొట్టాలి. అదే చీటీ చివరి దాకా ఆగితే కమిషన్ పోను 1,90,000 వస్తుంది. అంటే పన్నెండు నెలలు ముందు తీసుకున్నందుకు 32 వేలు వదులుకుంటున్నారు. ఏడాదికి 20 శాతం పైమాటే. మన ఊరి లెక్కలో నూటికి రూపాయి డెబ్బై పైసల వడ్డీ. బ్యాంకు లోన్ 15 శాతమంటే రూపాయి పావలా, కాబట్టి రెండింట్లో లోనే చవక. చాలామంది చీటీని సొంత డబ్బు అనుకుంటారు, అందుకే ఆ వడ్డీ కనబడదు. కానీ ఆ లోను కూడా మూడేళ్లకు తీసుకుంటే నెలకు 6,140 దాకా కట్టాలి, మొత్తం 2 లక్షల 21 వేలు అవుతుంది. మీకు నెలకు మిగిలేది 12 వేలు, అందులో చీటీకి పోయేది పోగా చేతిలో ఉండేది రెండు మూడు వేలు. వాయిదా ఎక్కడి నుంచి కడతారు? రెండు వాయిదాలు తప్పితే సిబిల్ స్కోరు పడిపోతుంది. పేరు తెచ్చుకుందామని తీసుకున్న అప్పు ఉన్న పేరే చెడగొడుతుందన్నమాట.

ఇక ఆ ప్రోగ్రామ్ సంగతి. జీతం డబుల్ అంటున్నారు కదా, అంత నమ్మకముంటే సగం ఫీజు ఉద్యోగం వచ్చాక తీసుకోమనండి. ఏమంటారో చూడండి. జీతం పెరగకపోతే డబ్బు వాపసు ఇస్తారా, అగ్రిమెంట్‌లో రాసి ఇస్తారా అని కూడా అడగండి. నాకు అన్నిటికంటే నచ్చనిది ‘పోస్టులు మేమే రాస్తాం’ అన్న మాట. పొందూరు ఖద్దరుకు పేరొచ్చింది కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, సన్నటి నూలు తీసే చేతుల వల్ల. ఆ పేరు చెప్పి అమ్మే మిల్లు బట్ట రెండు ఉతుకులకే తేలిపోతుంది. మీ పేరు మీద వేరేవాళ్లు రాసిన పోస్టు కూడా అంతే. ఇంటర్వ్యూలో కూర్చున్న క్యూసీ హెడ్ “ఓఓఎస్ (పరీక్ష ఫలితం పరిమితి దాటడం) గురించి మీరు రాసింది చదివాను, మీ ల్యాబ్‌లో ఫేజ్ వన్ (మొదటి దశ విచారణ) ఎలా చేశారు?” అని అడిగితే నోరు విప్పాల్సింది మీరే.

అలాగని పర్సనల్ బ్రాండ్ అన్నదంతా బూటకం అననుగానీ, మీ లైన్లో అది వేరేచోట తయారవుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పైడిభీమవరం కంపెనీ బస్సులెక్కేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో మంచి జీతానికి మారినవాళ్లు ఎలా మారారంటే, ఎక్కువగా పాత సెక్షన్ హెడ్ ఫోన్ చేసి పిలవడం వల్లో, ఆదివారం వాక్‌-ఇన్‌లో తెలిసినవాళ్లు “ఈ కుర్రాడు పనిమంతుడు” అని ఒక ముక్క చెప్పడం వల్లో. కాబట్టి మీతో పనిచేసి వెళ్లిపోయిన సీనియర్లు ఎవరెవరు ఎక్కడున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. పరవాడ, అచ్యుతాపురం, హైదరాబాద్, ఎక్కడైనా సరే. పండక్కి ఫార్వర్డ్ మెసేజ్ పెట్టి ఊరుకోకుండా, అప్పుడప్పుడూ పని గురించి మాట్లాడండి. దీనికి ఖర్చు లేదు, మనకున్న మొహమాటమే అడ్డం.

లింక్డ్‌ఇన్ కూడా వాడండి. ఇప్పుడు మీ పేరు కింద ‘ఎగ్జిక్యూటివ్ – క్యూసీ’ అని మాత్రమే ఉంటే, మనుషుల్ని వెతికేవాళ్లకు మీరు దొరకరు. వాళ్లు వెతికేది హెచ్‌పీఎల్‌సీ, జీసీ, డిసొల్యూషన్, మెథడ్ వాలిడేషన్, స్టెబిలిటీ, ఎంపవర్ సాఫ్ట్‌వేర్ లాంటి ల్యాబ్ పనుల మాటలతో. వీటిలో మీకు నిజంగా వచ్చినవే పెట్టండి. యూఎస్ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆడిట్‌లో ఇన్‌స్పెక్టర్ ముందు కూర్చుని జవాబు చెప్పి ఉంటే అది తప్పకుండా రాయండి. మీ లైన్లో దానికున్న విలువ ఫొటోషూట్‌కి లేదు. ఫొటోకి గంటస్తంభం దగ్గర ఏ స్టూడియోలోనైనా లైట్ కలర్ చొక్కాతో ఒకటి తీయించుకుంటే చాలు.

ఏం రాయాలో తోచదంటారా? ఎఫ్‌డీఏ తను పంపిన హెచ్చరిక లేఖల్ని తన వెబ్‌సైట్లోనే పెడుతుంది. మన దేశపు ప్లాంట్లకు వచ్చినవీ అందులో ఉంటాయి. నెలకొకటి చదివి, ల్యాబ్‌లో ఆ తప్పు ఎలా జరుగుతుందో, ఎలా ఆపొచ్చో పది వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. ఏడాదికి పన్నెండు అవుతాయి. అంతకంటే ఎక్కువ రాయాలన్న తొందర వద్దు. మధ్యలో నాలుగు నెలలు మాయమై మళ్లీ ‘గుడ్ మార్నింగ్’ కొటేషన్లతో ప్రత్యక్షమయ్యేవాళ్లను చూస్తూనే ఉంటాం కదా. ఒక హెచ్చరిక కూడా: మీ కంపెనీ క్రోమటోగ్రామ్ (పరీక్ష గ్రాఫ్), బ్యాచ్ నంబరు, ల్యాబ్‌లో దిగిన సెల్ఫీ ఏవీ పొరపాటున కూడా పెట్టకండి. చేరినప్పుడు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం ఒకసారి తీసి చదవండి.

ఎవరూ పట్టించుకోని ఇంకో సంగతుంది. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పేరు ముందూ వెనకా అయి ఉంటుంది, యూఏఎన్‌లో (పీఎఫ్ ఖాతా నంబరు) ఇంకోలా. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇవి కలవకపోతే ఆఫర్ లెటర్ చేతిలో ఉండీ వారాల తరబడి తిరగాలి. ఇప్పుడే సరిచేయించుకోండి. ఈపీఎఫ్ పోర్టల్లో మీరు చేరిన తేదీ, పాత కంపెనీ వదిలిన తేదీ కూడా చూసుకోండి. ఒక నెల అటూ ఇటూ పడితే రెండు ఉద్యోగాలు చేసినట్టు కనబడుతుంది. ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ డబ్బు తీసేయకుండా బదిలీ చేయించుకోండి.

మీ బ్రాండ్‌కి నిజంగా డబ్బు కావాల్సింది ఎక్కడో చెప్తాను. మీకు ఆఫర్ వచ్చిందనుకుందాం. వాళ్లు నెలలో చేరమంటారు, మీ నోటీసు రెండు నెలలు. మిగతా నెల జీతం మీరు కట్టి బయటపడాల్సి రావొచ్చు. లేదా వాళ్లు ఆరు వేలే పెంచుతామంటారు, మీరు పన్నెండు అడగాలనుకుంటారు. చేతిలో ఆరు నెలల ఖర్చు ఉన్నవాడు “ఆలోచించి చెప్తానండి” అని లేచి రాగలడు. 60 వేల ఎఫ్‌డీతో ఉన్నవాడు ఆ కుర్చీలోనే సరే అనేస్తాడు. చీటీ చివరి దాకా కట్టి 1,90,000 అందుకుంటే, ఎఫ్‌డీతో కలిపి రెండున్నర లక్షలు. మీ 34 వేల లెక్కన ఏడు నెలల ఖర్చు. మీ బేరం బలం అదే. అన్నట్టు ఆ చీటీ రిజిస్టరైనదేనా? తెలిసినవాళ్లు నడిపే నోటిమాట చీటీ అయితే రసీదులన్నీ భద్రంగా దాచుకోండి, ఇంకో చీటీ మాత్రం అక్కడ వేయకండి.

ఉద్యోగం మానిన రోజే కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోతుంది. అందుకే మారే ముందే ముగ్గురికీ కలిపి సొంత పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. హైదరాబాద్ జీతం గురించి కూడా ఒక మాట. అక్కడి అద్దె, స్కూలు ఫీజు, పండగలకు ఊరికొచ్చే ఛార్జీలు తీసేసి చూడండి. పది వేలు పెరిగి పన్నెండు వేలు ఖర్చు పెరిగినవాళ్లు నాకు తెలుసు. పరవాడలోనో అచ్యుతాపురంలోనో ఎనిమిది వేలు పెరిగినా మీకు అదే లాభం కావొచ్చు.

నేర్చుకోవడానికి ఏడాదికి 15 వేలు పక్కన పెట్టుకోండి. మెథడ్ వాలిడేషన్, స్టాటిస్టిక్స్, ఇంగ్లీషులో రిపోర్టు రాయడం, వీటిలో మీకు ఏది తక్కువైతే దానికి. ఆ డబ్బు నెల నెలా మిగిలేదాంట్లోంచే రావాలి.

పన్ను విషయం: జీతం తీసుకునేవాళ్లకు ఇలాంటి కోర్సు ఫీజు మీద విడిగా మినహాయింపు ఏమీ ఉండదు. కొత్త పద్ధతిలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఎలాగూ వస్తుంది, మీ జీతానికి పన్ను పడే పరిస్థితి కూడా లేదు. రేపు మీ పేరు విని ఏ ఫార్మసీ కాలేజీవాళ్లో గెస్ట్ లెక్చర్‌కి పిలిస్తే, ముందు మీ హెచ్‌ఆర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వాళ్లు ఇచ్చే ఫీజు ఏడాదిలో 50 వేలు దాటితే మామూలుగా 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. దాటినా దాటకపోయినా రిటర్నులో చూపించాల్సిందే.