సమాధానం: వలసపై థీసిస్‌కి సొంత సర్వే తప్పనిసరా?

తమ్ముడూ, పాలమూరు వలసలపై థీసిస్ కోసం చెన్నై నుంచి వెళ్లి సర్వే చేయడానికి టైమూ డబ్బూ లేవన్నావు. ఆ సర్వే వదిలెయ్. ఒక్కసారి వెళ్లి అడిగితే, వలసకు ముందు ఆ ఇల్లు ఎలా ఉండేదో తెలియదు. వానల్లేక అప్పులపాలైన వాళ్లే ఊరు దాటి ఉంటే, వలస వల్లే పేదలయ్యారని నీ లెక్క తప్పుగా చెబుతుంది.

నీకు కావలసింది ఇక్రిశాట్ (పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ) గ్రామ అధ్యయనాల డేటా. 1975లో మొదలైన ఆ పనిలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరు ఉన్నాయి. మొదట్లో ఊరికి 40 ఇళ్లు ఎంచుకున్నారు: 30 రైతులవి, 10 కూలీలవి. డేటాలో ప్రతి ఇంటికీ ఇచ్చిన నంబరు పట్టుకుని ఒకే కుటుంబాన్ని ఏడాదికేడాది పోల్చుకోవచ్చు. ఇంత విలువైన సమాచారం మన ఊళ్లదే అయ్యుండి మనవాళ్లు వాడకపోవడం నాకు నిజంగా బాధ. అయితే ఇంటిల్లిపాదీ వెళ్లిపోతే ఆ నంబరు మధ్యలో ఆగిపోతుంది. ముందు వాటిని వెతుకు, అసలు కథ అక్కడే ఉండొచ్చు.

40 ఇళ్లతో జిల్లా మొత్తం గురించి మాట్లాడకు. రాష్ట్ర స్థాయి చిత్రానికి 2020-21 పీఎల్ఎఫ్ఎస్ (కేంద్ర ప్రభుత్వం ఉపాధిపై చేసే సర్వే) తీసుకో, అందులో వలస ప్రశ్నలున్నాయి. మల్టిప్లయర్ (సర్వే చేసిన ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే సంఖ్య) వేయడం మరిచిపోకు, జిల్లా అంచనాలకు మాత్రం ఆ సర్వే పనికిరాదు.

అడయార్‌లో మిడ్స్ (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్) లైబ్రరీకి కూడా ఓసారి వెళ్లు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర ఆచార్యుడు గిల్బర్ట్ స్లేటర్ 1916లో మొదలుపెట్టిన గ్రామ సర్వేలూ, తర్వాతి తరాలు అవే ఊళ్లలో చేసిన పునఃసర్వేలూ చదివితే సొంత సర్వే లేకపోయినా ఫర్వాలేదని మీ గైడ్‌ని ఒప్పించడం తేలికవుతుంది.