యాక్సిలరేటర్ తొక్కితే ట్రాక్టర్‌లా మోత: ముందు ఎగ్జాస్ట్ చూడండి

అన్నా, యాక్సిలరేటర్ తొక్కితే మీ బండి ట్రాక్టర్‌లా మోత పెడుతోందని అడిగారు. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేసినా అదే మోత అన్నారు కాబట్టి చక్రాల బేరింగుల జోలికి ఇప్పుడే పోకండి. పొద్దున టక్‌టక్‌మని ఎక్కువగా ఉండి, ఇంజన్ వేడెక్కాక తగ్గుతోందంటే నా అనుమానం ఎగ్జాస్ట్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాలు) లీకు మీదే. మానిఫోల్డ్ (ఇంజన్‌కే బిగించి ఉండే మొదటి పొగగొట్టం) వేడికి వ్యాకోచించి సందు కొంత మూసుకుంటుంది, అందుకే ఆ తగ్గడం.

రేపు పొద్దున ఆరుబయట (షెడ్డులో వద్దు, ఆ పొగ ప్రాణాంతకం) ఎవరితోనైనా స్టార్ట్ చేయించి, సైలెన్సర్ మూతికి మందపాటి తడిగుడ్డ రెండు మూడు సెకన్లు అడ్డం పెట్టండి. బుస్సుమన్న చోటే లీకు. అక్కడ నల్లటి మసి చార కూడా ఉండొచ్చు. మానిఫోల్డ్ దగ్గరైతే గాస్కెట్ (అతుకు సందు మూసే పలుచని సీలు) మార్చాలి. మానిఫోల్డ్‌ను బిగించే స్టడ్లు (బోల్టుల్లాంటివి) తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టించండి, విరిగితే ఖర్చు రెట్టింపు.

నా పాత బండికి ఎగ్జాస్ట్‌లో వంగే ముక్క, అంటే ఫ్లెక్సిబుల్ పైపు, దాని జాలీ చిరిగింది, స్పీడ్ బ్రేకర్ల పుణ్యం. మెకానిక్ సైలెన్సర్ మొత్తం మార్చాలన్నాడు. వెల్డింగ్ షాపులో ఆ ముక్క ఒక్కటే కోసి కొత్తది అతికించారు, గంట పని. లీకు మీద పేస్టు పూసి సరిపెడతామంటే మాత్రం ఒప్పుకోకండి.