టోంగా అగ్నిపర్వతం, బంగారుపాళెం బోరు

రాళ్లు, నీళ్ల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు తిరుపతిలో పాఠాలు చెప్పి రిటైరైన జియాలజీ మాస్టారి జవాబులు.

ప్రశ్న: మాస్టారూ, తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. సెమినార్లకు తప్పకుండా రావాలంటారు. మొన్న భోజనాలయ్యాక కూర్చోబెట్టి రెండు గంటలు టోంగా అగ్నిపర్వతం గురించి చెప్పారు. మన జిల్లాల్లో నిప్పులు కక్కే కొండ ఒక్కటీ లేదు కదా, ఇదంతా మనకెందుకు? నిద్రొకటి.
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: నిద్రకు నా దగ్గర మందు లేదమ్మా. సెమినారు పొద్దున పెట్టమని మీ మాస్టార్లనే అడుగు. టోంగా సంగతికొస్తే, పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల దగ్గర 2022 జనవరి 15న సముద్రం అడుగున పేలిన కొండ అది. దాని పొగ 57 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. గాలిలో పుట్టిన ఒత్తిడి అల భూమిని చుట్టేసింది. మామూలుగా పెద్ద పేలుళ్లు గంధకాన్ని పైకి ఎగజిమ్మి భూమిని కొంత చల్లబరుస్తాయి, 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం చేసినట్టు. ఇది మాత్రం సముద్రపు నీటిని ఆవిరి చేసి, దాదాపు 15 కోట్ల టన్నులు స్ట్రాటోస్ఫియర్ అనే పై గాలిపొరలోకి ఎక్కించింది. నీళ్ల మీద పరిశోధన చేసేవాళ్లకు కూడా ఇది ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నిప్పు కక్కే కొండ లేదన్నావు, నిజమే. తిరుమల కొండ పైభాగం ఒకప్పటి ఇసుక. పేరుకుని, బిగుసుకుని క్వార్ట్‌జైట్ అయింది. దాని కింద అంతకంటే చాలా పాతదైన గ్రానైటు. ఆ రెండూ కలిసే గీతను ఘాట్ రోడ్డు పక్కనే చూడొచ్చు. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పుస్తకంలో బట్టీపట్టింది దాన్నే. బస్సులో ఈసారి ఫోను కాసేపు పక్కన పెట్టు.

అయితే లావా మనకు లేదనుకోవద్దు. బంగారం ఉన్న కోలారు రాతిపట్టీ కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం దాకా దిగుతుంది. అక్కడి నల్లటి ఆంఫిబొలైటు దాదాపు 270 కోట్ల ఏళ్ల కిందటి లావా, వేడికీ ఒత్తిడికీ రూపు మారింది. ఇక పైకి రాకుండా గ్రానైటు పగుళ్లలోనే గడ్డకట్టిన శిలాద్రవం ఉంది చూడు, అది మన పొలాల నిండా ఉంది. నల్లగుండ్లు వరసగా పేర్చినట్టు కిలోమీటర్ల పొడవున సాగే గట్లు, వాటినే డైకులంటాం. ఒక గుండును సుత్తితో కొట్టు, ఖంగుమంటుంది. పైన తుప్పు రంగు తోలు, లోపల కారునలుపు, అందులో సన్నటి పలుకులు సూదుల్లా మెరుస్తాయి. వంటింటి గట్టు మీద మనవాళ్లు పరిపించే ‘నల్ల గ్రానైటు’ చాలావరకు ఇదే. అది గ్రానైటు కాదు, డోలరైటు. ఈ రాయి రైతును ఎలా ఏడిపిస్తుందో కింది ఉత్తరంలో చదువు.

ప్రశ్న: అయ్యా, మాది తోతాపురి తోట. ముందు కొబ్బరికాయతో, తర్వాత మిషనుతో పాయింటు చూపించి బోరు వేశాను. తొమ్మిది వందల అడుగులు దించినా దుమ్మే. మా తోటకు ఎగువన నల్లరాళ్ల గట్టుంది. దాని అవతల పొలమాయనకు మూడు వందలకే రెండంగుళాల నీళ్లు పడ్డాయి. సైన్సు తప్పా, నా రాతా?
– ఒక రైతు, బంగారుపాళెం

జవాబు: రాత కాదండీ, రాయి. మీ ఉత్తరంలో నల్లరాళ్ల గట్టు అన్న మాటే అసలు సంగతి.

గట్టి గ్రానైటులో నీళ్లుండవు. పైన మెత్తబడిన పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ ఉంటాయి. ఆ నీరు కూడా వాలును బట్టే పల్లానికి జారుతుంది. దారిలో పగుళ్లు లేని డైకు నిలువునా అడ్డంగా ఉంటే భూమిలోపల కట్టిన ఆనకట్టే. ఎగువాయన బోరు నిండుతుంది, దిగువన మీది ఎండుతుంది. అన్ని డైకులూ ఇంతే అనను. కొన్ని తామే పగిలి, అంచుల వెంబడి నీళ్లిస్తాయి. మీది అలాంటిది కాదని మీ బోరే చెబుతోంది.

మిషను విషయం. అది నేలలోకి నాలుగు కడ్డీలు దించి, కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తుంది. తడి ఉన్న మెత్తరాయి తక్కువ అడ్డుకుంటుంది, ఎండు బండ ఎక్కువ. కానీ బంకమట్టి కూడా తక్కువే చూపిస్తుంది. నీళ్లు నేరుగా కనిపించవు, రీడింగు చూసేవాడు ఊహించాలి. పైగా ఒక్కచోట కొలిస్తే ఆ చోటి లోతు కథే తెలుస్తుంది. గట్టుకు అడ్డంగా ఒక గీత వెంబడి వరసగా కొలిపించి ఉండాల్సింది. మీకు పాయింటు చూపినాయన గట్టు దగ్గరకైనా నడిచాడా? నాకు అనుమానమే. కొబ్బరికాయ గురించి నన్నడక్కండి, పచ్చడికి మంచిది.

తొమ్మిది వందల దాకా వెళ్లడం మాత్రం నాకు నచ్చలేదు. లోతుకు పోయేకొద్దీ పైబరువుకు పగుళ్లు మూసుకుపోతాయి. మన గ్రానైటులో నీరిచ్చే పగుళ్లు ఎక్కువగా మొదటి మూడు వందల అడుగుల్లోనే. ఆ తర్వాత పడవని కాదు, కానీ ప్రతి అడుగుకూ రిగ్గు మీటరు తిరుగుతూనే ఉంటుంది, రైతుకు టెన్షన్ పెరుగుతూనే ఉంటుంది. ఇంకో బోరు ఆలోచన ఉంటే ముందు భూగర్భజల శాఖవాళ్లతో గట్టుకు అడ్డంగా సర్వే చేయించండి, వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి తీసుకోండి. ఈ ఏడాదికి రిగ్గు డబ్బును డ్రిప్పుకూ, పొలంలో తవ్వే నీటి గుంటకూ (ఫారం పాండు) మళ్లించమంటాను. మామిడి తట్టుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి జియాలజీ తీసుకుంటానంటోంది. ఉద్యోగాలుంటాయా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ఉంటాయమ్మా. యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష పెడుతుంది. జియలాజికల్ సర్వేకూ, కేంద్ర భూగర్భజల బోర్డుకూ దానిలోంచే తీసుకుంటారు. డిగ్రీ చాలదు, పీజీ ఉండాలి. ఫీల్డుకు పంపడానికి మాత్రం ఇంట్లో ఇప్పటి నుంచే ఒప్పుకుని ఉండండి.